ఇంకొకరి ప్రార్థన పట్టుకుని ప్రార్థన నేర్చుకోవడం



పుస్తకం చూసి చదివితే అది ప్రార్థన అవుతుందా, మనసులోంచి రావద్దా అని మనలో చాలామంది అడుగుతుంటారు. దీని గురించి నాకు తెలిసింది రాస్తున్నాను. మన సంఘంలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. నేను క్రైస్తవుణ్ణి కాబట్టి నేను నడిచిన దారి చెబుతాను. మీ దారిలో పనికొస్తే తీసుకోండి.

నేను చదివింది తమిళ బడిలో. రైల్వేలో గుమాస్తాగా చేరి, ఎక్కువ కాలం పార్సెల్ ఆఫీసులో పనిచేసి రిటైర్ అయ్యాను. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన చేసేది మా ఆవిడ. నెల్లూరు వైపు మనిషి. ఆమె కళ్లు మూసుకుంటే తెలుగు అలా వచ్చేది, వీధిలో ఉన్న జబ్బు మనిషి నుంచి ఢిల్లీలో ఉన్న మంత్రి వరకు అందరూ ఆ ప్రార్థనలో ఉండేవారు. చివర ఆమేన్ చెప్పడం నా పని.

నాలుగేళ్ల కింద ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. వింటుంది, అన్నీ అర్థమవుతాయి. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు రాత్రి ప్రార్థన వేళకు బైబిల్ వైపు చూసింది, తరువాత నా వైపు చూసింది. ఇక చేయవలసింది నేనే. తమిళంలో అయితే ‘ఆండవరే’ అని మొదలుపెట్టి నాలుగు మాటలు చెప్పగలను. ఆమెకు ప్రార్థన అంటే తెలుగే. ప్రభువా, ఈమెను బాగుచెయ్యి అన్నాను. అంతే, ఒక్క వాక్యంతో అయిపోయింది. మరునాడూ అదే వాక్యం.

ఇది చూసి మా పాస్టరుగారు ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చారు. స్పర్జన్ అనే ప్రసంగీకుడు చేసిన ప్రార్థనలు అవి. ఆయన 1834లో పుట్టి 1892లో చనిపోయారు. లండన్‌లో వేలమంది ఆయన ప్రసంగం వినడానికి వచ్చేవారు. ఆరాధనలో ఆయన చేసిన ప్రార్థనలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నవాళ్లు ఉండబట్టి అవి మనదాకా వచ్చాయి. నేను రోజూ పొద్దున రెండు మూడు వాక్యాలు తీసుకుని, మెల్లగా తెలుగు చేసి, నోటుబుక్కులో తమిళ అక్షరాలతో రాసుకునేవాణ్ణి. తమిళంలో ‘ప’కూ ‘బ’కూ ఒకే అక్షరం, ఆ రాత నేను తప్ప ఎవరూ చదవలేరు. రాత్రి ఆమె పక్కన కూర్చుని దాన్నే ప్రార్థనగా చెప్పేవాణ్ణి.

అలా రాస్తుంటే రెండు సంగతులు కనబడ్డాయి.

ఒకటి, ఆయన అడగడానికి తొందరపడడు. ముందు దేవుడు ఎవరో చెబుతాడు, ఇంతవరకు చేసిన మేలు చెబుతాడు, తన పాపం ఒప్పుకుంటాడు. అడగడం ఆ తరువాతే.

రెండు, అడిగేటప్పుడు ఒట్టి చేతులతో అడగడు. దేవుడు బైబిల్‌లో ఇచ్చిన మాటను చూపించి, నువ్వే చెప్పావు కదా అని నిలదీసినట్టు అడుగుతాడు. ఆఫీసు మనిషిని కాబట్టి నాకు ఇది వెంటనే పట్టుబడింది. అర్జీలో ‘తమరు ఇచ్చిన ఫలానా సర్క్యులర్ ప్రకారం’ అని నంబరు వేస్తే ఆ కాగితానికి బలం వేరు. స్పర్జన్ ప్రార్థనలో ఆ సర్క్యులర్ నంబర్లు నిండా ఉంటాయి.

తరువాత మాథ్యూ హెన్రీ పుస్తకం దొరికింది. బైబిల్ వ్యాఖ్యానం రాసిన ఆయనే. ప్రార్థన ఎలా చేయాలో 1710లో ఒక పుస్తకం వేశారు. స్తుతి, ఒప్పుకోలు, విన్నపం, కృతజ్ఞత, ఇతరుల కోసం వేడుకోవడం అని విడదీసి, ఒక్కొక్క దాని కింద బైబిల్ మాటలే వరుసగా పెట్టారు. మాటలు లేనివాడికి అది నిండిన గాదె.

ఇంకొకరు లాన్సెలాట్ ఆండ్రూస్. ఇంగ్లండు రాజు ముందు ప్రసంగించిన బిషప్. ఆయన ప్రార్థనలు తన సొంతానికి రాసుకున్నవి. 1626లో ఆయన పోయిన తరువాతనే అచ్చయ్యాయి. వారంలో ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క ప్రార్థన. ఇతరుల కోసం అడిగేటప్పుడు జబ్బువాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు, చెరలో ఉన్నవాళ్లు అని జాబితాలా పోతుంది.

అది చదివాక నేనూ జాబితా వేశాను. ఫిజియోథెరపీ దగ్గర మాతో బెంచీ మీద కూర్చునే పెద్దాయన, మందుల షాపు పిల్ల, రాత్రి డ్యూటీలో ఉన్న గ్యాంగ్‌మెన్. ఆ రాత్రి మా ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తి నా మోకాలి మీద పెట్టింది. ప్రార్థన అయ్యేదాకా తీయలేదు. తన ప్రార్థన ఇంటికి తిరిగి వచ్చినట్టు ఉందేమో ఆమెకు. నాకైతే అలాగే అనిపించింది.

మాట ఇంకా రాలేదు. నేను అడగడం మానలేదు. కానీ ఇప్పుడు మా ప్రార్థన ఆ ఒక్క కోరిక దగ్గర మొదలై అక్కడే ఆగిపోవడం లేదు.

అరువు మాటలు నిజమైన ప్రార్థన కాదు అనేవాళ్లకు ఒక్కటి చెబుతాను. యేసు సిలువ మీద వేసిన కేక 22వ కీర్తన మొదటి మాట. అంత నొప్పిలో ఆయన నోటికి వచ్చింది దావీదు ప్రార్థన. మనం అరువు తెచ్చుకుంటే తప్పేముంది?

మన తెలుగు నేలలోనూ ఇలాగే జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మిషనరీ కావాలని అడిగారు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చి స్థిరపడ్డారు. నాకు ఆ కథలో నచ్చేది ఆ వరుస. ఒకరు ప్రార్థిస్తుంటే నలుగురు వింటారు. విన్నవాళ్లు మళ్లీ ప్రార్థిస్తారు. నేర్చుకోవడం అంటే అదే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు: ఒక మంచి ప్రార్థన తీసుకుని రోజుకు రెండు వాక్యాలు చాలు. నోటితో చదవండి. మీ ఇంటి మాటలో మార్చుకోండి. ఎక్కడ మీ సొంత మాట వస్తుందో అక్కడ పుస్తకం మూసేయండి.

ఇంకొక్క మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్లు తెలుగులో ప్రార్థన చేస్తుంటే, ఏ దేవుడికైనా సరే, ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. తమిళ బడికి పోయే మన మనవళ్లకు రేపు అదే పుస్తకం.