మొదటి మ్యాచికి పదకొండు మంది

ప్రతి ఏడూ మన పాఠశాల సంచికలో పండుగల గురించీ, పద్యాల గురించీ, పిల్లల చేత తెలుగు మాట్లాడించడానికి మనం పడే పాట్ల గురించీ చక్కని వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి ఆటల గురించి కూడా ఎవరైనా రాస్తే బాగుంటుందని సంపాదకులు అన్నారు. శనివారం మధ్యాహ్నం పిల్లలకు తెలుగు చెప్పడం, ఆదివారం పొద్దున మన తల్లిదండ్రుల క్రికెట్టు జట్టుకు స్కోరు రాయడం, నాకున్న వ్యాపకాలు ఈ రెండే కనుక ఆ పని నా మీద పడింది. తల్లిదండ్రుల జట్టు అంటున్నానే గానీ, ఇప్పుడు అందులో పిల్లలూ ఉన్నారు. ఈ ఏడాది మాకు వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సీజను మొదలవకముందే జట్టు ఎలా ఉందో చెప్పడమేమిటని మీరు అడగవచ్చు. కానీ మొదటి మ్యాచికి జట్టును ఎంచవలసింది సీజను మొదలవకముందే కదా!

తెలియనివారి కోసం రెండు ముక్కలు. మేము ఆడేది గట్టి టెన్నిసు బంతితో, పదహారు ఓవర్ల ఆట. మే నెల నుంచి సెప్టెంబరు దాకా ఆదివారాలు ఆడతాం. ఈసారి పేర్లిచ్చినవాళ్ళు 17 మంది, ఆడేది 11 మంది. మన పిస్కాటవేకు నది అవతల న్యూ బ్రన్స్‌విక్‌లో 1869 నవంబరు 6న రట్‌గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థులు ఆడినదాన్ని అమెరికాలో మొదటి కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచి అంటారు. అందులో ఒక్కో పక్షానికి 25 మంది ఆడారట. ఆ లెక్కన మాలో ఎవరినీ పక్కన పెట్టవలసిన అవసరమే ఉండేది కాదు. ఆ అదృష్టం క్రికెట్టుకు లేదు.

డిసెంబరు నుంచి మార్చి దాకా మనకు మైదానం ఉండదు, మంచు ఉంటుంది. అందుకని గంటకింత అని అద్దె కట్టి, శనివారం రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఇండోర్ నెట్సులో ఆడతాం. ఆ వేళకైతే అద్దె తక్కువ. కింద పచ్చ తివాచీ, చుట్టూ వల. బంతి ఎప్పుడూ ఒకే ఎత్తులో లేస్తుంది. గాలి లేదు, కళ్ళలో ఎండ పడదు, క్యాచి పైకి లేవదు, పరుగెత్తే పని లేదు. ఆ తివాచీ మీద మాలో ప్రతివాడూ టెండూల్కరే! పధ్నాలుగు వారాలు చూసినా నెట్సులో రూఢిగా తెలిసేవి రెండే విషయాలు. ఎవరు వేళకు వస్తారు, ఎవరి చెయ్యి ఇంకా ఆడుతోంది. మిగతాది బయటికి వెళ్ళాకే తెలుస్తుంది.

మెల్‌బోర్న్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఈ మాటే వేరే ఆట గురించి చెబుతుంటాడు. అక్కడివాళ్ళకు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కోడిగుడ్డు ఆకారం బంతి, పెద్ద అండాకారపు మైదానం, పక్షానికి 18 మంది. అసలు సీజనుకు ముందు ఆడే ప్రాక్టీసు మ్యాచుల స్కోరు చూసి సంబరపడేవాడూ, దిగులుపడేవాడూ ఇద్దరూ అమాయకులేనంటాడు. ఆ మ్యాచుల్లో కోచ్‌లు గెలవాలని చూడరట. ఎవరిని ఎక్కడ నిలబెడితే ఏమవుతుందో చూస్తారట. ఆ ఆట పుట్టుక కూడా మనకు దగ్గరి సంగతే. 1858లో టామ్ విల్స్ అనే క్రికెటరు, చలికాలంలో క్రికెటర్లు ఒళ్ళు పెంచేసుకోకుండా ఏదైనా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకోవాలని పత్రికకు ఉత్తరం రాశాడు. ఆ మరుసటి ఏడాది నియమాలు రాసుకున్నారు. చలికాలంలో ఒళ్ళు పెరగడం ఒక్క న్యూజెర్సీ తెలుగువాళ్ళ సమస్యే కాదన్నమాట.

ఇక మా సంగతి. ఏప్రిల్‌లో రెండు స్నేహపూర్వక మ్యాచులు ఆడాం. మొదటిదానిలో మేము 6 వికెట్లకు 128 చేసి, వాళ్ళను 104కు ఆపాం. రెండోదానిలో వాళ్ళు 139 చేస్తే మేము 91కే ముగిశాం. మా ఓపెనర్లు బావా బావమరుదులు. ఇద్దరూ బాగా కొడతారు కానీ ఇంట్లో మాట్లాడుకున్నంత స్పష్టంగా పిచ్ మీద మాట్లాడుకోరు, అందుకే రెండుసార్లూ ఒకరు రనౌట్. వికెట్ కీపరు నిరుటికంటే చురుగ్గా ఉన్నాడు. ఫీల్డింగు మాత్రం తీసికట్టు. రెండు మ్యాచుల్లో కలిపి ఏడు క్యాచులు వదిలాం. ఇవన్నీ సర్దుకునేవే. పదకొండులో తొమ్మిది పేర్లు ఎవరు రాసినా అవే వస్తాయి. మిగిలిన రెండు స్థానాలకు ముగ్గురు ఉన్నారు.

మొదటివారిని మేమంతా పెద్దాయన అంటాం. వయసు 56. ఊరు తెనాలి. 2003లో అపార్టుమెంటు పార్కింగు స్థలంలో నలుగురితో ఈ జట్టును మొదలుపెట్టింది ఆయనే. 1999లో నేను ఈ దేశం వచ్చినప్పుడు నెవార్క్ విమానాశ్రయానికి వచ్చి తీసుకెళ్ళి, పది రోజులు ఇంట్లో అన్నం పెట్టింది కూడా ఆయనే. నాలుగో నంబరులో బ్యాటింగు చేస్తారు. రెండోది మన పాఠశాలలో ఆరేళ్ళు చదివిన అమ్మాయి, వయసు 17, లెగ్ స్పిన్ వేస్తుంది. గుణింతాలు నా దగ్గరే నేర్చుకుంది. ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతుంది. మూడో అతను అనంతపురం కుర్రాడు, 27 ఏళ్ళు. అక్కడ కాలేజీ రోజుల్లో లెదర్ బంతితో ఆడినవాడు, మాలో అందరికంటే వేగంగా బంతి వేస్తాడు. కానీ ఉద్యోగం ప్రాజెక్టుల మీద కనుక పధ్నాలుగు వారాల్లో ఆరు వారాలు రాలేకపోయాడు.

ఎంపిక చేసేది ముగ్గురం. కెప్టెన్, వైస్ కెప్టెన్, స్కోరు పుస్తకం ఉన్నందువల్ల నేను. నా మొగ్గు ఇద్దరి వైపూ ఉందని ముందే చెప్పేశాను. ఒకరు నాకు అన్నం పెట్టినవారు, ఇంకొకరు నా దగ్గర చదువుకున్న పిల్ల. కనుక మాట్లాడేది నేను కాదు, పుస్తకమే అని అనుకున్నాం.

ఇలాంటి చిక్కులు మన తెలుగు క్రికెట్టుకు కొత్త కాదు. 2019 ప్రపంచకప్పు ముందు భారత జట్టుకు కూడా నాలుగో నంబరే సమస్య. ఆ స్థానం గుంటూరులో పుట్టిన అంబటి రాయుడిదే అనుకున్నారు. అప్పటికి వన్డేల్లో అతని సగటు 47. కానీ మార్చిలో ఆస్ట్రేలియా మీద మూడు మ్యాచుల్లో 13, 18, 2 చేశాడు. ఏప్రిల్ 15న జట్టును ప్రకటించిన సెలెక్టర్ల అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్‌గారూ గుంటూరువారే. రాయుడిని కాదని, బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడు విధాలా పనికివస్తాడని విజయ్ శంకర్‌ను తీసుకున్నామన్నారు. ప్రపంచకప్పు చూడటానికి త్రీడీ కళ్ళద్దాలు తెప్పించుకున్నానని రాయుడు చురక అంటించాడు. జూలైలో రిటైరవుతున్నానన్నాడు, తరువాత మనసు మార్చుకుని మళ్ళీ ఆడాడు. ఎవరిది న్యాయమో మన ఇళ్ళల్లో ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. కారణం ఉన్నా, అది తగలవలసినవాడికి లోకంతో పాటే తెలిస్తే కారణంలా వినిపించదు, ఎగతాళిలా వినిపిస్తుంది.

దీనికి అటువైపు కథ కూడా ఉంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 2024లో ఆస్ట్రేలియా పర్యటనకు ఎంచినప్పుడు ఫస్ట్ క్లాస్ మ్యాచుల్లో అతని బ్యాటింగు సగటు పాతిక కూడా లేదు. అంకెలే చూస్తే తీసుకోరు. ఆ పిచ్‌ల మీద బ్యాటింగుతో పాటు కాస్త వేగంగా బౌలింగు కూడా చేయగలవాడు కావాలని తీసుకున్నారు. డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో, అవతలి కొసన మన హైదరాబాదు సిరాజ్ కాచుకుని నిలబడగా, సెంచరీ చేశాడు. స్టాండులో తండ్రి ముత్యాలరెడ్డిగారు కన్నీళ్ళు పెట్టుకోవడం మనమంతా చూశాం. అంటే ఎవరు గొప్ప అని కాదు, ఈ మైదానానికి, ఈ నెలకు ఎవరు కావాలి అని అడగాలి.

మేమూ అదే అడిగాం. మే నెలలో మన మైదానాల్లో గడ్డి తడిగా, దట్టంగా ఉంటుంది. జూలైలో బౌండరీ దాటే దెబ్బ మేలో ముప్పై అడుగుల ముందే ఆగిపోతుంది. కనుక ఈ నెలలో మ్యాచి గెలిపించేవి ఫోర్లు కాదు, రెండేసి పరుగులు. పెద్దాయన మొదటి మ్యాచిలో 27 బంతుల్లో 22 చేశారు. అందులో రెండు ఫోర్లు, పధ్నాలుగు సింగిల్స్. రెండు తీసింది ఒక్కసారీ లేదు. రెండో మ్యాచిలో 4. నిరుడు తొమ్మిది ఇన్నింగ్సుల్లో ఆరుసార్లు రెండేసి తీశారు, అంతకు ముందు ఏడాది అన్నే ఇన్నింగ్సుల్లో పంథొమ్మిదిసార్లు. మోకాలి సంగతి ఆయన చెప్పకపోయినా పుస్తకం చెబుతోంది.

అమ్మాయి రెండో మ్యాచిలో మూడు ఓవర్లలో 19 పరుగులిచ్చి రెండు వికెట్లు తీసింది. ఆమె బౌలింగులో మనవాళ్ళు వదిలిన క్యాచులు మరో రెండు. తడి బంతి స్పిన్నరు వేళ్ళకు పట్టు చిక్కదని వైస్ కెప్టెన్ అన్నాడు, నిజమే. కానీ ఆమె బంతికి వేగం లేదు, తడి పిచ్ మీద అది ఆగి ఆగి వస్తుంది. బలమంతా కొట్టేవాడే తెచ్చుకోవాలి, అప్పుడే గాలిలోకి లేపుతాడు. అనంతపురం కుర్రాడి విషయంలో వాదనే లేదు, మొదటి నాలుగు ఆదివారాలూ ఊళ్ళోనే ఉంటానని మాటిచ్చాడు. నాలుగో నంబరుకు కెప్టెనే ఒక మెట్టు పైకి వస్తాడు. ఆగస్టులో వెళ్ళిపోయే పిల్ల కదా అన్న జాలి మాత్రం లెక్కలోకి రాకూడదని ముగ్గురం ముందే అనుకున్నాం.

ఈ సంగతి చెప్పినప్పుడు ఆ అమ్మాయి వెంటనే ఎగిరి గంతెయ్యలేదు. "మాస్టారూ, నేను అమ్మాయినని తీసుకున్నారా, స్పిన్నర్‌నని తీసుకున్నారా?" అని అడిగింది. స్కోరు పుస్తకంలో ఆడా మగా అని గడి లేదమ్మా అన్నాను. 2023 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన మొట్టమొదటి అండర్-19 మహిళల ప్రపంచకప్పులో అమెరికా జట్టుకు కెప్టెన్ కొడాలి గీతిక. 2025లో మలేసియాలో జరిగిన రెండో పోటీకి వెళ్ళిన జట్టు జాబితా చదివితే ఇమ్మడి, వల్లభనేని, పగిడ్యాల అని మన ఇంటిపేర్లే. వాళ్ళనెవరూ మొహమాటానికి తీసుకోలేదు కదా.

పెద్దాయనకు చెప్పడమే కష్టమైంది. జాబితా వాట్సాప్‌లో పెట్టేద్దాం, ఆయనే చూసుకుంటారని కెప్టెన్ అన్నాడు. నేను ఒప్పుకోక, పుస్తకం చంకన పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వదినగారు కాఫీ ఇచ్చారు. "అన్నయ్యగారూ, మొదటి మ్యాచికి మీ పేరు లేదండీ" అని చెప్పి పేజీలు తీసి చూపించాను. చాలాసేపు చూశారు. "ఏమోయ్, నువ్వొచ్చి చెప్పావు, సంతోషం. కానీ నేను దీనికి ఒప్పుకోను. ఎండలు ముదిరి గడ్డి ఎండితే ఫోర్లు పోతాయి. అప్పుడు మళ్ళీ లెక్క చూడు" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, పుస్తకం కూడా అదే చెబుతోంది. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆ పిల్ల బౌలింగుకు లాంగాన్‌లో క్యాచి పట్టేవాణ్ణి పెట్టండి, బావమరిదిని మాత్రం పెట్టకండి" అన్నారు. ఆ తరువాత రెండు వారాలు ప్రాక్టీసుకు రాలేదు. అది మాకు కష్టంగానే ఉంది. సాయంత్రాలు జాన్సన్ పార్కులో మోకాలికి పట్టీ కట్టుకుని వేగంగా నడుస్తున్నారని మాత్రం విన్నాను.

ఇది చదివే పిల్లలకు ఒక మాట. ఆటలోనైనా, స్పెల్లింగ్ బీలోనైనా, బడి నాటకంలోనైనా ఏదో ఒకనాడు మీ పేరు జాబితాలో ఉండదు. అప్పుడు ఏడుపొస్తే ఏడవండి, కానీ ఎందుకు లేదని కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది, జవాబు చెప్పవలసిన బాధ్యత జాబితా రాసినవారిది. వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు 2003 ప్రపంచకప్పు జట్టులో చోటు దొరకలేదు. అదే ఏడాది డిసెంబరులో అడిలైడ్ టెస్టులో 148 చేశాడు. ఆ మరుసటి నెలలోనే ఆస్ట్రేలియాలో మూడు వన్డే సెంచరీలు కొట్టాడు. జాబితా రాసేది ఆ రోజుకు మాత్రమే.

మ్యాచులకు పిల్లలను తీసుకుని రండి. మడత కుర్చీ, గొడుగు తెచ్చుకుంటే మంచిది. లాంగాన్ దగ్గర కూర్చోకండి, అటు క్యాచులు వస్తాయని ఆశ. పెద్దాయన కోరిన లెక్క జూలై మొదటి వారంలో చూస్తాం. చూడదలచినవాళ్ళు ఎవరైనా నన్నడగవచ్చు, పుస్తకం నా దగ్గరే ఉంటుంది.