నీట మునిగిన ఆటపెట్టె

2015 డిసెంబరు 1వ తేదీ రాత్రి అడయారు పొంగి సైదాపేటలో మా వీధిలోకి వచ్చినప్పుడు, మేము చేతికందినవి పట్టుకుని మేడమీదివారింటికి ఎక్కాము. దస్తావేజులు, మందులు, దేవుడి పటాలు గుర్తుకొచ్చాయి. బీరువా అడుగు అరలో బిస్కెట్ల డబ్బాలో ఉన్న గేమ్ బాయ్ మాత్రం గుర్తు రాలేదు. నాలుగోనాడు బురద ఎత్తిపోస్తూంటే ఆ డబ్బా దొరికింది. మూత తియ్యగానే కాఫీరంగు నీళ్లు.

తెలియని పెద్దలకొక మాట. అది అరచేతిలో పట్టే ఆటపెట్టె. నింటెండో అనే జపాను కంపెనీ 1989లో మొదటిది తెచ్చింది. మాది 1998లో వచ్చిన రంగుల రకం. మరుసటేడు పిల్లల మేనమామ సింగపూరు నుంచి తెచ్చాడు, పోకెమాన్ ఆట బిళ్లతో సహా. అందులో అడుగడుగునా ఎదురొచ్చి ఓడిపోయే ప్రత్యర్థి ఒకడుంటాడు. వాడికి మనమే పేరు పెట్టాలి. మా పెద్దవాడు తమ్ముడి ముద్దుపేరు 'చిన్ని' అని పెట్టాడు. ఆ పూట మా ఇంట్లో జరిగిన యుద్ధం ముందు ఈ వరద ఏపాటిది లెండి!

ఆ అన్నదమ్ములు మాటలు మానుకుని అప్పటికి రెండేళ్లు. కారణం ఊళ్లో ఒక స్థలం. ఆ గొడవ ఇక్కడెందుకు? ఏం చెప్పుకున్నా మా ద్వారానే.

అమెరికా నుంచి పెద్దవాడు ఫోను చేసి ఇంటి సంగతులన్నీ అడిగాక, "గేమ్ బాయ్ ఉందా? ఆన్ చెయ్యకండి, సుమా!" అన్నాడు. తడిమీద కరెంటు పారితే లోపలి రాగిగీతలు తినేసుకుపోతాయిట. మేడమీదివారు బియ్యంలో పాతిపెట్టమన్నారు. మా బియ్యమంతా అప్పటికే నాని ఇడ్లీలకు సిద్ధంగా ఉంది! ఉన్నా లాభం లేదుట. బియ్యం బురదలోని ఉప్పును తియ్యలేదు, పైగా పిండి రాలుస్తుంది.

దాని మరలు మూడు రెక్కలవి, మామూలు స్క్రూడ్రైవరుకు లొంగవు. రిచ్చీ వీధికి వెళ్లాము. కొట్లనిండా తడిసిన సెల్ ఫోన్లే. ఒక కుర్రవాడు అరవంలో తెలుగు కలిపి మాట్లాడుతూ ఓపిగ్గా విప్పాడు. "మళ్లీ నీళ్లతోనే కడగాలి" అన్నాడు. నిర్ఘాంతపోయాము. ఇన్వర్టరుకు పోసే డిస్టిల్డ్ వాటరుతో పలకను కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన పళ్లబ్రష్షుతో మెల్లిగా తోమమన్నాడు. ఆ సీసా కొనుక్కుని ఇంటికొచ్చి, మా ఇద్దరిలో చెయ్యి వణకనివారు తోముతూంటే చూపు ఆననివారు టార్చి పట్టుకున్నాము. అద్దాన్ని మాత్రం ఎండలో పెట్టలేదు, చెడుతుందని. ఫ్యాను కింద అయిదురోజులు ఆరబెట్టాము.

అసలు చిక్కు ఆట బిళ్లతో వచ్చింది. దాని లోపల రూపాయి బిళ్లంత సెల్లు ఒకటుంది. పిల్లలు ఆడి దాచుకున్న ఆట దాని బలంమీదే నిలిచి ఉంటుంది. దాని కాలికి పచ్చని చిలుం పట్టింది. తీస్తే ఆట పోతుంది, ఉంచితే చిలుం పలకంతా పాకుతుంది. చిలుం తుడిచి, ముందు ఆట బ్రతికి ఉన్నదో లేదో చూద్దామనుకున్నాము. కొత్త సెల్లులు వేసి మీట జరిపాము. ఎర్రదీపం వెలిగింది. చప్పుడు లేదు, స్పీకరు పోయింది. తెరమీద మొదటి వరుసలో 'కంటిన్యూ' అని ఉంది. దాచిన ఆట ఉంటేనే ఆ మాట వస్తుందిట.

మర్నాడు రిచ్చీ వీధి కుర్రవాడు కొత్త సెల్లును ముందు తీగలతో పక్కన కలిపి, ఆ తరువాత పాతదాన్ని ఊడదీశాడు. ఆ రెండు నిమిషాలూ మేము ఊపిరి తియ్యలేదు.

సంక్రాంతికి బెంగుళూరు నుంచి చిన్నవాడు వచ్చాడు. వద్దు వద్దంటూనే పెట్టె అందుకుని రాత్రంతా ఆడాడు. పొద్దున్నే పెద్దవాడి ఫోను.

"వాణ్ణి ఆడుకోమనండి. సేవ్ మాత్రం చెయ్యొద్దనండి."

"చేసేశానని చెప్పండి" అన్నాడు చిన్నవాడు, తెరమీంచి కన్నెత్తకుండా.

అటునుంచి కేక వినబడింది. "ఫోను వాడికివ్వండి!"

ఇచ్చాము. మాకు బీరువా అరలు కడిగే పని ఇంకా మిగిలే ఉంది.