వైట్‌ఫీల్డులో బేతాళుడు

మా మనవరాలు నా గులాబీ రంగు నూలుచీర అడిగినప్పుడు కట్టుకోవడానికే కాబోలనుకుని మురిసిపోయాను. పదమూడేళ్ల పిల్ల, పండగనాడు కూడా చీర ముట్టనిది, తనంతట తాను అడిగితే ఏ అవ్వ కాదంటుంది? తీరా చూస్తే మరో చేతిలో కత్తెర ఉంది. "కామిక్ కాన్‌కు నెజుకో డ్రెస్సు కుట్టియ్యవ్వా" అంది.

నెజుకో ఎవరో నా ఈడు పాఠకులకు తెలియకపోవచ్చు. జపాను వాళ్ల బొమ్మల కథలను మాంగా అంటారు. 2016 నుంచి 2020 దాకా అక్కడి ఒక వారపత్రికలో వచ్చిన మాంగాలో ఈ పిల్ల ఒక ముఖ్యపాత్ర. ఇంటివాళ్లను రాక్షసుడు పొట్టన పెట్టుకుంటాడు. ఈ పిల్ల బతికి బయటపడినా తానే రాక్షసిగా మారిపోతుంది. మనుషులను కరవకుండా నోటికి అడ్డంగా వెదురుముక్క కట్టుకుని ఉంటుంది. ఎండ సోకకూడదు గనుక అన్న ఆమెను చెక్కపెట్టెలో కూర్చోబెట్టి వీపున మోసుకుంటూ ఊళ్లు తిరుగుతాడు. ఇదంతా నాకు కుట్టుమిషను పక్కన కూర్చుని మనవరాలు చెప్పింది. చీర మీద తెల్లరంగుతో నక్షత్రాలు ఒకదానికొకటి కలిసేటట్టు వేయాలంటే భయపడింది గాని, నాకది ధనుర్మాసపు చుక్కలముగ్గే. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

2025 జనవరిలో ఒక ఆదివారం బయలుదేరాం. కొడుకూ కోడలూ పనులున్నాయని తప్పుకున్నారు. సంపిగె రోడ్డులో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, వైట్‌ఫీల్డు వైపు రైల్లో కూర్చున్నాం. ఏ స్టేషనులో దిగాలో నేను పేరు చూసుకోలేదు. నీలం జుట్టువాళ్లూ, అట్టకత్తుల వాళ్లూ, గబ్బిలం టోపీవాడూ ఎక్కడ దిగితే అక్కడ దిగాం. వాళ్ల వెనకాలే నడిస్తే కేటీపీవో ప్రదర్శనశాల వచ్చేసింది.

గేటు దగ్గర అందరి ఆయుధాలనూ పరీక్షిస్తున్నారు. అట్టతో, థర్మోకోలుతో చేసినవైతే వదులుతారు. మా పిల్ల నోటి వెదురుముక్కను కూడా ఒకామె నొక్కి చూసింది. టికెట్టుతో పాటు ఒక ఇంగ్లీషు కామిక్కూ పోస్టరూ చేతిలో పెట్టారు. లోపలి రొద చెప్పనలవికాదు. ఒకమూల వీడియో ఆటలు, ఒకమూల వేదిక మీద పాటలు, నడవల నిండా వేషాలు. అడుగడుగునా మా పిల్లను ఆపి ఫోటోలు తీసుకుంటున్నారు. నోట్లో వెదురు ఉంది గనుక దండం పెట్టడం తప్ప తనకు మరో మాట లేదు. ఎవరో అబ్బాయి, నల్లకోటు వేసుకున్నవాడు, నన్ను చూసి ఎంతో మర్యాదగా, "ఆంటీ, మీరు ఏ క్యారెక్టరు?" అన్నాడు. ముడి వేసుకున్న తెల్లజుట్టు, చేతిసంచి, చీర మీద స్వెట్టరు. వాడి తప్పేముంది! "అవ్వ" అన్నాను. బాగుందని నాకూ ఒక ఫోటో తీశాడు.

ఈ ఉత్సవం పుట్టిల్లు అమెరికాలోని శాన్ డియేగో. అక్కడ 1970లో కొన్ని వందల మందితో మొదలైంది. మన దేశంలో మొదటిది 2011 ఫిబ్రవరిలో ఢిల్లీ హాట్‌లో జరిగింది. అమర్ చిత్రకథలు తెచ్చిన అనంత్ పాయ్ గారికి అందులో జీవితసాఫల్య పురస్కారం ప్రకటించారు. ఒంట్లో బాగుండక ఆయన రాలేకపోయారు. ఆ వారంలోనే కన్నుమూశారు. మరుసటి ఏడు, 2012లో, కోరమంగళ ఇండోర్ స్టేడియంలో బెంగళూరు వంతు వచ్చింది.

పదకొండు గంటలవేళ అనుకుంటాను, జనంలోంచి గళ్లకోటు తొడుక్కున్న కుర్రవాడొకడు వచ్చాడు. వీపున పెద్ద చెక్కపెట్టె. అట్టదే, కాని రంగు బాగా వేశాడు. మా పిల్ల ఎగిరి గంతేసింది. అతను ఆ కథలో అన్న! ముక్కూ ముఖం తెలియని ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. నేను మాత్రం ఆ పెట్టె వంకే చూస్తున్నాను. ఆ నడుము వంపు, భుజం మీద బరువు, చేతిలో కత్తి... ఈ బొమ్మ నేను ఎరుగుదును. చందమామలో శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుడు కాక ఇంకెవరు! శంకర్ గారు గీసిన ఆ బొమ్మను నా తరంలో చూడనివారు ఉండరు. తేడా అల్లా ఒక్కటే. అక్కడ మోసేవాడు నోరు మెదిపితే చిక్కు, ఇక్కడ మోయబడే పిల్ల నోరు తెరిస్తే చిక్కు.

మా నాన్నగారు హిందూపురం నుంచి వచ్చి చిక్కపేటలో పట్టు అంగట్లో లెక్కలు రాసేవారు. నేను చదివింది కన్నడ బడిలో. నాకు తెలుగు అక్షరం నేర్పింది బడి కాదు, చందమామ. 1947 జూలైలో తెలుగు, తమిళాలలో మొదలైన ఆ పత్రిక 1949కల్లా కన్నడంలోనూ వచ్చింది. పేరు ఒకటే, బొమ్మలు ఒకటే. మా అక్కిపేట వఠారంలో పక్కింటి పిల్ల కన్నడ చందమామ, నేను తెలుగు చందమామ పక్కపక్కన పెట్టుకుని, ఏ అక్షరం ఎవరిదో పోల్చుకునేవాళ్లం. తలకట్టు ఒక్కటి తప్పిస్తే కవలపిల్లలే. నాన్నగారు ఏటేటా పన్నెండు సంచికలూ బైండు చేయించి, వీపు మీద సంవత్సరం రాయించేవారు.

ఇప్పుడు చెప్పవలసిన మాట ఒకటుంది. 1996లో వఠారం ఖాళీ చేసినప్పుడు ఆ బైండులన్నీ నేనే పాతకాగితాల అంగడికి వేశాను, కిలో లెక్కన. కొత్త ఇంట్లో చోటు చాలదన్నాను. నాన్నగారు అప్పటికి లేరు. మా అబ్బాయికి పన్నెండేళ్లు, వాడు తెలుగు చదవడు, మరి ఎవరికోసం అనుకున్నాను. వాడు ఎందుకు చదవడో ఆ రోజు నన్ను నేను అడుక్కోలేదు. పత్రిక 2013 నాటికి ఆగిపోయిందని తెలిసినప్పుడు మాత్రం రెండు రోజులు ఆ అంగడివాడి తక్కెడే కళ్లముందు ఆడింది.

అందుకే ఆ హాలులో నాకు ఒక పంతం పట్టుకుంది. ఒక్క తెలుగు కామిక్కైనా కొనకుండా కదలకూడదనుకున్నాను. ఒక పెద్ద స్టాలులో అడిగితే అమ్మాయి ఇంగ్లీషు చూపింది, హిందీ చూపింది, "సారీ ఆంటీ" అంది. ఇంకోచోట నా ప్రశ్నే అర్థం కాలేదు. నిజానికి అమర్ చిత్రకథలకు ఈ ఊరి కన్నడంతో చుట్టరికం ఉంది. అనంత్ పాయ్ గారి "కృష్ణ" వరుస సంఖ్య ఒకటి కాదు, పదకొండు. ముందరి పది, విదేశీ కథలు కన్నడంలోకి తెచ్చినవి. బెంగళూరులో ఇండియా బుక్ హౌస్ తరఫున జి.కె. అనంతరామ్ గారు పూనుకుని వేయించారు. ఇంగ్లీషు తరవాత వచ్చింది! ఈ సంగతి చెబుదామంటే వినే తీరిక అక్కడ ఎవరికుంది?

చివరికి చిత్రకారులు సొంతంగా బల్లలు వేసుకుని కూర్చునే వరుసకు వచ్చాం. హాలంతటిలో నాకు నచ్చింది ఈ వరుసే. ఎవరి కథ వాళ్లే రాసి, గీసి, అచ్చువేసి అమ్ముకుంటారు. అడిగితే మీ పుస్తకం మీద చిన్న బొమ్మ గీసి సంతకం చేసిస్తారు. ఒక బల్ల దగ్గర కుర్రవాడు ఫోనులో తెలుగు మాట్లాడుతున్నాడు, మా వైపు యాసే. పుస్తకం మాత్రం ఇంగ్లీషు. ఎందుకు నాయనా అన్నాను.

"మా అమ్మ గూడా ఇదే అడుగుతాదమ్మా" అని నవ్వాడు. తరవాత ఒక పేజీ తీసి చూపించాడు. మనిషి నోటి దగ్గర మాట రాసే బుడగ ఉంటుంది చూడండి, చిక్కంతా అక్కడేనట. ఇంగ్లీషు అక్షరాలు ఒకే ఎత్తున ఇటికెల్లాగా పేర్చుకుంటూ పోవచ్చు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు. పంక్తికీ పంక్తికీ మధ్య చోటు వదలాలి. ఇంగ్లీషులో నాలుగు పంక్తులు పట్టే బుడగలో తెలుగు రెండు పడితే గొప్ప. "బొమ్మ గీసేటప్పుడే తెలుగులో అనుకోని బుడగ గీయల్లమ్మా. తర్వాత మారుస్తామంటే కుదరదు" అన్నాడు. మా ఇంట్లో అందరం తర్వాత మారుద్దామనుకున్నవాళ్లమే కదా అనిపించింది. మాట రాలేదు. అతని పుస్తకం ఇంగ్లీషుదే ఒకటి కొన్నాను.

మా పిల్ల అంతసేపూ వెదురుముక్క చేతిలోకి తీసుకుని వింటోంది.

తిరుగురైల్లో కూర్చున్నాక, "ఆ పెట్టె అబ్బాయిని చూసి ఎవరో రాజు అన్నావే, ఎవరవ్వా?" అంది. మెజెస్టిక్ వచ్చేలోగా ఒక బేతాళకథ పూర్తిచేశాను. చివర్లో బేతాళుడి ప్రశ్న దగ్గర ఆపితే, ఎదుటి సీటులో అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నాయన తల ఎత్తి, "ఆమేలే?" అన్నాడు కన్నడంలో. జవాబు ముగ్గురం కలిసి చెప్పుకున్నాం.

వారం తిరిగేసరికి మనవరాలు నోటుబుక్కులో నాలుగు పేజీల బొమ్మల కథ గీసుకొచ్చింది. విక్రమార్కుడి వీపున పెట్టె, పెట్టెలోంచి తొంగిచూస్తూ బేతాళుడు. మాటలు తెలుగే, రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో. "నువ్వు తెలుగులో రాయవ్వా, నేను చూసి నేర్చుకుంటా" అంది. పెన్సిలు తీసుకుంటే నా చెయ్యి వణికింది. 'విక్రమార్క' అని రాసేసరికి బుడగ నిండిపోయింది, 'మహారాజా' బయట పడింది. పిల్ల రబ్బరు తీసుకుని బుడగను చెరిపింది. బడిలో కన్నడం ఉంది గనుక, "ఇది మా కన్నడ 'మ'నే కదవ్వా, దీని తల వేరేగా ఉంది" అంటూ గీస్తోంది.

రెండోసారీ చాలలేదు, మూడోసారి సరిపోయింది. ఆ పేజీలో ఇప్పుడు బేతాళుడి కంటే అతని బుడగే పెద్దది.