తన్ఖా వేరు, ఇజ్జత్ వేరు

మా చిన్నోడు రియల్ మాడ్రిడ్ దీవానా. 2021 జూన్‌లో సెర్జియో రామోస్ క్లబ్ వదిలిన రోజు వాడు దస్తర్‌ఖాన్ దగ్గరికే రాలేదు. "అడిగినంత ఇచ్చి ఉంచుకోవాల్సింది కదా అబ్బా!" అని ఒకటే గొడవ.

వాడి బాధలో నిజముంది. 16 సీజన్లు ఆడాడు. డిఫెండరై ఉండి 101 గోల్స్ కొట్టాడు. 2014 లిస్బన్ ఫైనల్లో ఇక ఓడిపోయాం అనుకున్నప్పుడు, 93వ నిమిషంలో తలతో కొట్టి మ్యాచ్‌ని నిలబెట్టాడు. కానీ 2021కి వయసు 35. మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. క్లబ్ 10 శాతం కోతతో ఒక్క ఏడాది ఇస్తామంది. ఆయన రెండేళ్లు అడిగాడు. చివరికి ఒక్క ఏడాదికే సరేనంటే, గడువు దాటిపోయిందన్నారు. ఆ గడువు సంగతి తనకెవరూ చెప్పలేదని ఆయన వాపోయాడు.

హిసాబ్ చూస్తే క్లబ్‌ది గలత్ కాదు. మరుసటి ఏడు ఆయన లేకుండానే చాంపియన్స్ లీగ్ గెలిచింది. పారిస్‌లో ఆయన మొదటి సీజన్ చాలావరకు గాయాలతోనే గడిచింది. పాత ఖిద్మత్‌కి కొత్త తన్ఖా కట్టడం ఏ క్లబ్ వల్లా కాదు.

మరి లిహాజ్? దానికి పైసా ఖర్చు లేదు. గడువు ఫలానా రోజని ముందే ఒక మాట చెబితే చాలు.

ఆ ఏడే మా ఆఫీసులో నా ముందూ ఒక కాగితం పెట్టారు. తక్కువ జీతం, ఒక్క ఏడాది. రామోస్‌లా జిద్ చేయలేదు. ఇంటి కిరాయి గుర్తొచ్చి సంతకం పెట్టేశాను.

చిన్నోడికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.