గడ్డిలో కూచుంటే

అమెరికా వెళ్ళివచ్చిన మనిషి నయాగరా ఫోటో చూపించకపోతే మనవాళ్ళకు నమ్మకం కుదరదు. నేను తెచ్చిన ఫోటోల్లో జలపాతం లేదు, ఆకాశాన్నంటే మేడ అంతకన్నా లేదు. ఉన్నదల్లా గడ్డి. "ఇంతదూరం వెళ్ళి బీడుభూములు తెచ్చారేమండీ!" అన్నది మా కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ. నేను జవాబు మొదలుపెట్టాను గాని, సగంలో గంట కొట్టారు. మిగతా సగం మీతో చెప్పుకుంటాను.

మా తమ్ముడు కాన్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను వెళ్ళింది ఏప్రిల్ మొదటివారంలో. ఇక్కడ మామిడిపిందెలు ఉప్పూకారం అద్దుకుని తినే రోజులు; అక్కడ తెల్లవారుజామున ఇంకా ఉన్నికోటు వదలరు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు ప్రబంధాల్లోని వసంతవర్ణనలు చెబుతున్నదాన్ని కదా, కోకిలా మావిచిగురూ లేని వసంతాన్ని ఎక్కడ పట్టుకోవాలో మొదట తెలియలేదు. కనుచూపుమేర చెట్టే లేదు, ఇక చిగురెక్కడిది?

దాన్ని ప్రెయిరీ అంటారు. పొడుగుగడ్డి మైదానం. ఒకప్పుడు ఆ దేశం నడిమధ్యన ఈ పొడుగుగడ్డి 17 కోట్ల ఎకరాల్లో పరుచుకుని ఉండేదట. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కునాగలి చేశాడు. అంతవరకూ పాతనాగళ్ళకు అంటుకుపోయి ఏడిపించిన జిగటమన్ను దానికి లొంగిపోయింది. గడ్డి పోయి మొక్కజొన్న వచ్చింది. ఇవాళ నూటికి 4 పాళ్ళయినా మిగలలేదు. ఆ మిగిలినదాంట్లో ఎక్కువభాగం ఫ్లింట్ హిల్స్ అనే గుట్టల్లోనే ఉన్నది. ఫ్లింట్ అంటే మన చెకుముకిరాయే. పైన మన్ను పలచన, అడుగున సున్నపురాయీ చెకుముకీ. కర్రు దిగదు. రైతు విసుక్కుని వదిలేసిన రాళ్ళే గడ్డిని కాపాడాయి. అందులో సుమారు 11,000 ఎకరాలను 1996లో జాతీయ రక్షిత ప్రాంతం చేశారు. మా తమ్ముడు కెమేరా మెడలో వేసి నన్ను తీసుకుపోయింది అక్కడికే.

కారు దిగి చూస్తే ఒకపక్క నిరుటి ఎండుగడ్డి, ఇంకోపక్క కాలి బొగ్గయిన గుట్టలు. ఏటా ఈ రోజుల్లో అక్కడి పశువుల కాపరులు కావాలనే నిప్పు పెడతారు. ముళ్ళపొదలూ దేవదారు మొలకలూ మాడిపోతాయి; గడ్డి వేళ్ళు మనిషి నిలువు లోతుకు దిగి ఉంటాయి గనుక వాటికేమీ కాదు. కాలిన కొద్దిరోజులకే నల్లటి నేలమీద పచ్చటి సూదులు పొడుచుకువస్తాయి.

"పువ్వులేవిరా?" అన్నాను.

"నిలబడితే కనబడవక్కా. కూచో."

కోటూ చీరా సర్దుకుని ఆ రాళ్ళమీద కూచున్నాను. నిజమే! కాలిపక్కనే నేలకు అంటుకుని ఊదారంగు గుత్తులు. చిక్కుడుపువ్వు ఆకారం, చిటికెనవేలి గోరంత. గ్రౌండ్ ప్లమ్ అని పేరు చెప్పాడు తమ్ముడు. తరువాత రేగుపళ్ళంత కాయలు కాస్తుందట. ఇవతల అడవి వయొలెట్లు. దిగువన వాగుపక్క అడవిరేగు పొదలవంటి పొదలు తెల్లగా పూసి ఉన్నాయి. ఫోటో తీద్దామంటే గాలి! కాన్సాస్ గాలికి సెలవుదినం ఉండదు. పువ్వుకు గురిపెట్టి, ఊపిరి బిగబట్టి, గాలి నిలిచే క్షణంకోసం కాచుకోవాలి. ఒక్క పువ్వుకు అరగంట పట్టింది. దూరాన బైసన్ మంద మేస్తున్నది. 2009లో 13 తలలతో మొదలుపెట్టిన మంద అది. వందగజాల లోపలికి పోకూడదని బోర్డు ఉన్నది. ఆ మూపురాలు చూశాక నాకు బోర్డు అవసరం కనబడలేదు.

కూచోమన్న మాట నాకు కొత్తది కాదు. మా నాన్నగారు నందికొట్కూరులో బడిపంతులు. 1993లో వానలు పడ్డాక ఒకనాడు నన్నూ తమ్ముణ్ణీ రోళ్ళపాడు బీళ్ళకు తీసుకుపోయారు. బట్టమేకపిట్ట కోసం 1988లో రక్షణకేంద్రం చేసిన చోటది. "నిలబడితే పిట్టకు మనం కనిపిస్తాం. కూచుంటే మనకు పిట్ట కనిపిస్తుంది" అన్నారాయన. కూచున్నాం. చాలాసేపటికి, మీటరు ఎత్తు పక్షి గడ్డిలోంచి దొరలా నడిచివచ్చింది. గొంతుకింద తెల్లటి సంచి ఉబ్బించి, గుండెలో పుట్టినట్టుండే మూలుగు ఒకటి వినిపించింది. మా ఇంట్లో కెమేరా లేదు. ఇప్పుడు నాన్నగారూ లేరు. చుట్టూ బీళ్ళు చాలావరకు పొలాలైపోయాయి. కొన్నేళ్ళుగా ఆ పిట్ట అక్కడ కనబడడంలేదు. దేశం మొత్తంమీద 150 దాకా ఉంటాయంటారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

అందుకే ప్రెయిరీకోడి ఆట చూద్దామని తమ్ముడు అన్నప్పుడు నిద్రమాని బయలుదేరాను. చీకటితోనే చెక్కగూటిలోకి దూరి చప్పుడు చెయ్యకుండా కూచోవాలి. పిట్టలు వెళ్ళిపోయేదాకా కదలరాదు. తెలవారుతుండగా వచ్చాయి, పదీ పన్నెండు పుంజులు. మెడమీది ఈకలు కొమ్ముల్లా నిక్కించి, తోక ఎత్తి, నేలమీద పాదాలు టపటప తొక్కుతూ, మెడకు రెండువైపులా నారింజరంగు సంచులు ఉబ్బించాయి. ఖాళీ సీసామూతిమీద ఊదినట్టు ఒక ఊళ గుట్టలన్నీ కమ్ముకున్నది. తమ్ముడు నావైపు చూశాడు. రోళ్ళపాడు వెళ్ళిననాడు వాడికి ఎనిమిదేళ్ళు, మరిచిపోయాడనుకున్నాను. నేను కెమేరా వాడిచేతికిచ్చి కాసేపు వట్టి కళ్ళతో చూశాను.

ఇక సూర్యాస్తమయం. సాయంత్రానికి రోడ్డుపక్క కార్లన్నీ ఆగి అందరూ పడమటివైపు ఫోన్లు ఎత్తుతారు. గుట్టల పొగకు సూర్యుడు కుంకుమముద్దలా దిగుతాడు. ఎవరు తీసినా బాగానే వస్తుంది, కాబట్టి అది ఎవరి ఫోటో అయినా ఒకటే అని నా అభిప్రాయం. తమ్ముడు ఒప్పుకోడు, వాడి హాల్లో అలాంటివి మూడున్నాయి. నేను సూర్యుడికి వీపుపెట్టి నిలబడ్డాను. పొద్దంతా చప్పగా గోధుమరంగున ఉన్న ఎండుగడ్డి, ఆ వాలుకిరణాలకు రాగిబిందె తోమినట్టు మెరిసింది. మహా అయితే పదినిమిషాలు. నాకు దక్కినవి నాలుగు ఫోటోలు.

వాటిలో ఒకటి ఆ రాత్రే అమ్మకు పంపాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, వెంటనే ఫోను చేసింది.

"ఇదేమే, రోళ్ళపాడుకు ఎప్పుడు వెళ్ళావు?"

"రోళ్ళపాడు కాదమ్మా. తమ్ముడు ఉండే దేశం."

కాసేపు మాట్లాడలేదు. "మరి పిట్ట ఏదే?" అన్నది.

ప్రెయిరీకోడి ఫోటో కూడా పంపాను.