వేడినీటి ఊట ఎవరిది?

చాలా ఏళ్ళ క్రితం మా ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ఒక పెద్దాయన నన్నడిగాడు: "బాబుగారూ, తప్తపానిలో మునిగితే కీళ్ళవాతం పోద్దంటున్నారు. ఎళ్ళి రమ్మంటారా?"

తిరిగే అంకుడు కర్రకు లక్క అద్దీ అద్దీ ఆయన వేళ్ళు బిగుసుకుపోయాయి. ఉదయంపూట పిడికిలి ముడుచుకునేది కాదు. "అదంతా మూఢనమ్మకం" అని కొట్టిపారేశాను. "రోగం పోకపోయినా, పది రోజులు నొప్పి లేకుంటే చాలు బాబుగారూ" అన్నాడు. నా మాట మన్నించి వెళ్ళలేదు. ఆయన అడిగింది ఉపశమనం. నేను జవాబు చెప్పింది రోగం కుదరడం గురించి. ఆ తేడా నాకు బోధపడడానికి చాలాకాలం పట్టింది.

తప్తపాని ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురానికి సుమారు 50 కిలోమీటర్ల దూరాన, అడవికొండల నడుమ ఉన్న గంధకపు ఊట. ఆ నీటినే గొట్టాల ద్వారా అతిథి గృహపు గదుల్లోని తొట్టెలకూ మళ్ళించారు. డబ్బున్నవారు తలుపు వేసుకుని స్నానం చేయవచ్చు. తక్కినవారికి ఊట పక్కనున్న కొలను ఉంది. మోకాళ్ళు వంగని ముసలమ్మకు కావలసింది పట్టుకోవడానికి కమ్మీ ఉన్న మెట్లు, బట్టలు మార్చుకోవడానికి చాటు, రాత్రి తలదాచుకోవడానికి చవకైన సత్రం. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఊరే వేడినీటి దగ్గరైనా అంతే.

ఇంగ్లండులోని బాత్ నగరంలో పేద రోగుల కోసమే 1738లో ఒక ఆసుపత్రిని తలపెట్టి, 1742లో తెరిచారు. చేరేటప్పుడే కొంత ధరావతు కట్టాలి: బతికితే తిరుగు ప్రయాణానికి, లేకుంటే ఖననానికి! ప్రభుత్వ ఖర్చుతో జరిగే స్నానచికిత్స 1976లో నిలిచిపోయింది. 1978లో ఆ నీటిలో ఈదిన ఒక బాలిక అమీబా సోకి మెదడువాపుతో మరణించడంతో స్నానాలే ఆపేశారు. 2006లో కొత్త స్నానశాల తెరిచారు, టిక్కెట్టు కొనగలిగినవారికి.

మెడలోతు నీటిలో నిలబడితే కాళ్ళపై పడేది ఒంటి బరువులో పదోవంతే. వెచ్చదనానికి కండరాలు సడలుతాయి. మేలులో ఎక్కువ భాగం ఈ రెంటిదే. ఖనిజాల వాటా ఎంతో గట్టిగా చెప్పలేం. కనుక పేదవాడిని బరంపురం దాకా పంపనవసరం లేదు. జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో ఒక వెచ్చని నీటి తొట్టె కట్టించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

అయినా ఊటకు వెళ్ళేవారు ఉంటారు. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, మానని పుండ్లు ఉన్నవారు దిగవద్దు. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవారికి వేడి తెలియక బొబ్బలెక్కుతాయి. వేరొకరు చేయి పెట్టి చూసి చెప్పాలి. తల ముంచవద్దు, ముక్కులోకి నీరు పోనీయవద్దు.

చేతివేళ్ళకైతే ఇంట్లో పళ్ళెం చాలు. తెల్లవారగానే ఓర్చుకోగలిగిన వేడినీటిలో పది నిమిషాలు వేళ్ళు ముంచి, నీటిలోనే మెల్లగా ముడుస్తూ చాపుతూ ఉండాలి. ఆ పెద్దాయనకు నేనానాడు ఇదైనా చెప్పలేదు.