డిఫెండర్ని బయటికి లాగితేనే గోల్

వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో ఉన్న గుంటడికైనా, బార్సిలోనాలో ఉన్న కుర్రాడికైనా ఈఫుట్‌బాల్ అనే వీడియోగేమ్ ఒకటే. డబ్బు కట్టకుండానే ఫోన్లోకి దింపుకోవచ్చు. కొత్తగా మొదలెట్టినవాడు చేసే పని కూడా ఎక్కడైనా ఒకటే. బంతి అందగానే పరుగు బటన్ నొక్కిపెట్టి నేరుగా గోల్ మీదికి దూసుకెళ్తాడు. పరుగులో బంతి కాలికి దూరంగా దొర్లుతుంది. ఇద్దర్ని తప్పించినా మూడోవాడికి దొరికిపోతుంది. పక్కన కూచున్న అన్న విసుక్కుంటాడు: "ఒరే, నువ్వొక్కడివే ఎంత దూరం ఎల్తావురా? పాసిచ్చీరా!"

ఆ అన్న మాటలోనే అసలు కిటుకుంది.

తెర మీద చెరో పదకొండు మంది కనబడినా, ఎదుటివాడి వేలి కింద ఉండే డిఫెండర్ ఒక్కడే. మిగతావాళ్లని యంత్రం నడుపుతుంది, వాళ్లు తమ లైను చక్కగా కాపాడుకుంటారు. అందుకే ఆ ఒక్క వేలినే ఊరించాలి. బాక్సు ముందు తొందరపడకుండా అటూ ఇటూ పొట్టి పాసులిస్తుంటే ఎదుటివాడి ఓపిక చచ్చిపోతుంది, సెంటర్ బ్యాక్‌ని బంతి మీదికి ఉరికిస్తాడు. వాడు కదిలిన చోట కాస్త నేల ఖాళీ అవుతుంది. త్రూ పాస్ పడాల్సింది అక్కడే, స్ట్రైకర్ పరిగెత్తుకుంటూ వచ్చి అందుకునేలా.

ఈ ఆటలో డీప్ లైయింగ్ ఫార్వర్డ్ అనే శైలి ఒకటుంది. స్ట్రైకరే వెనక్కి దిగి బంతి అడుగుతాడు. అతని వెంట పోవాలా, ఉన్నచోటే నిలబడాలా అన్నది సెంటర్ బ్యాక్‌కి తేలదు. 1953 నవంబరులో వెంబ్లీలో హంగరీ ఆటగాడు హిడెగ్‌కుటి ఇలాగే వెనక్కి జరిగి ఆడి మూడు గోల్స్ కొట్టాడు. సొంతగడ్డ మీద ఇంగ్లండ్ 6-3తో ఓడింది.

పాసుతో చోటు సంపాదించే ఈ విద్యను తెలుగునాట అప్పటికే ఒక స్కూలు మాస్టారు నేర్పుతున్నారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీమ్ డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టించేవారు. అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన పోటీలూ ఉండేవి. ఈఫుట్‌బాల్‌లో ఇప్పటికీ ప్రతి ఆటగాడికీ ఆ రెండో కాలి వాడకానికీ, గురికీ విడివిడిగా కొలతలుంటాయి. పరుగు బటన్ ముట్టుకోకుండా ఒక్క మ్యాచ్ ఆడి చూస్తే డ్రిబ్లింగ్ మీద రహీమ్ పెట్టిన ఆంక్ష ఎంత మేలు చేసేదో చేతికే తెలుస్తుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన తయారుచేసిన భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. అందులో మూడు గోల్స్ నెవిల్ డిసౌజావి.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీమ్ ఒక సాహసం చేశారు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. దక్షిణ కొరియాపై 2-1తో భారత్‌కు బంగారు పతకం దక్కింది. ఫోన్లో ఓడిపోతున్న మ్యాచ్ చివర్లో పొడుగాటి సెంటర్ బ్యాక్‌ని ముందుకు పంపే కుర్రాళ్లు అదే దారిలో ఉన్నారు. అయితే ఆ ఎత్తు పారాలంటే అంచు నుంచి గురి చూసి క్రాస్ వేయగల వింగర్ జట్టులో ఉండాలి. అతణ్ణి చివరి నిమిషాల దాకా అలిసిపోనివ్వకూడదు.